ఇద్దరు బిడ్డల బండి

నిరుడు ఫాల్గుణమాసమున ఒకనాటి రాత్రి, పగటి వేడి తగ్గి జలాశయము మీదుగా చల్లగాలి వీచుచుండగా, ఆవలి కొండవాలులలో పోడుమంటలు సన్నని ఎఱ్ఱగీతలవలె ప్రాకుచున్న వేళ, అమెరికాలో కాపురమున్న మా అమ్మాయి ఫోను చేసి, యోగక్షేమములు ముగిసిన పిమ్మట నన్నొక ప్రశ్న అడిగినది.

"నాన్నగారూ, జూన్‌లో మీరూ అమ్మా వచ్చాక అందరం కలిసి ఓర్లాండో వెళ్దాం. డిస్నీ పార్కులు చూపిస్తాను. పెద్దదానికి మూడున్నరేళ్ళు, చిన్నాడికి అప్పటికి పది నెలలు. ఇద్దరూ పట్టే స్ట్రోలరు కొనాలి. పక్కపక్కన కూర్చోబెట్టేది కొనమంటారా, ముందొకరూ వెనకొకరూ కూర్చునేది కొనమంటారా? మీరు జన్మంతా యంత్రాల మధ్యే గడిపారు కదా, ఆలోచించి చెప్పండి."

జలవిద్యుత్కేంద్రములలో తిరుగు చక్రముల నడుమ కొలువు చేసి, పదవీవిరమణానంతరము ఈ డొంకరాయి యందే నిలిచిపోయిన నాకు, ఆ ప్రశ్న ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు. వినోదయాత్రకు కొను ఒక తోపుడుబండి సంగతి ఇంత చింతింపదగినదా యని ఎవరికైన తోచవచ్చును. కాని, దినమంతయు ఎండలో నడచి, రాత్రి పదిగంటలవేళ ఇద్దరు బిడ్డలు ఒక్కసారిగ నిద్రకు తూలినప్పుడు, ఒక తల్లి నడుమును, ఒక తండ్రి భుజములను, వెంట వచ్చిన ముదుసలుల మోకాళ్ళను కాపాడవలసినది ఆ బండియే. చంటిబిడ్డతో ఒక్కసారియైన తిరునాళ్ళకు పోయివచ్చినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

చక్రమును గూర్చి ఆలోచించుటకు డొంకరాయి మిక్కిలి తగిన చోటు. ఏలయన ఇచ్చట చక్రము సుఖముగ సాగు తావు మిక్కిలి కొద్ది. ఎగువన మాచ్‌ఖండ్ అను పేర పారు యేరు దిగువకు వచ్చి సీలేరై, ఎగువ సీలేరు కేంద్రమున 240 మెగావాట్ల విద్యుత్తును పుట్టించి, డొంకరాయి ఆనకట్ట వెనుక మరల నిలిచి, ఇచ్చటి 25 మెగావాట్ల చిన్నయంత్రమును త్రిప్పి, అటుపై మనుష్యులు కొండల నడుమ త్రవ్విన కాలువ వెంట సాగి, పొల్లూరు వద్ద నొక్కొక్కటి 115 మెగావాట్లు గల యంత్రములపై దూకి, తుదకు శబరిలో కలియుచున్నది. నీరు ఇంత పని చేయగలుగుటకు కారణము ఈ నేల యందలి పల్లమే. ఆ పల్లమే మనుష్యుని కాలికి ఎక్కుడు, దిగుడు అగుచున్నది. కాలువగట్టు తప్ప డొంకరాయిలో నూఱు గజములు చదునుగ నడచు బాటను నేనెఱుగను. లోపలి గూడెములలో కొన్నింటికి నేటికిని బండిబాట లేదు. నిండుచూలాలిని డోలీలో పరుండబెట్టి ఇద్దరు మగవారు భుజముల మీద మోసికొని రోడ్డువఱకు దింపవలసిన దుఃస్థితి ఈ మన్యములో ఇంకను తీరలేదు. చక్రము చేరనిచోట మనుష్యుడే చక్రము కావలసి వచ్చును.

మరునాడు సంత. తెల్లవాఱకమునుపే కాలువగట్టు మీద షికారు బయలుదేరిన నాకు, సంతకు పోవుచున్న ఒక కొండరెడ్డి యువకుడు ఎదురుపడెను. వెదురు కావడిబద్ద అతని కుడిభుజము మీద నున్నది. ముందరి తట్టలో నాలుగేండ్ల ఆడుబిడ్డ అంచు పట్టుకొని కూర్చుండి దారి చూచుచున్నది; వెనుకతట్టలో ఏడాది దాటని పసివాడు పాతచీర పొరలలో ముడుచుకొని నిద్రించుచున్నాడు; వాని కాళ్ళవద్ద ఆకులలో చుట్టి నారతో బిగించిన చింతపండు మూట యొకటి. నెత్తిన అడ్డాకుల కట్టతో అతని భార్య వెనుక నడచుచున్నది. ముందురాత్రి ప్రశ్న ఇంకను మనస్సులో మెదలుచుండుటచేత, నేనాతని నాపి అడిగితిని.

"ఇద్దర్నీ మోసుకొస్తున్నావే, పిల్ల బరువూ పిల్లోడి బరువూ ఒకటి కాదు గదా?"

"సమానం మనమే చేసుకోవాలండి. సిన్నోడి కాడ సింతపండు ఎట్టాను. సంతలో అమ్మేశాక ఉప్పు ఎడతాను. ఇంకా తేడా ఉంటే బుజం జరుపుకోటమే" అని చెప్పి, ఆ జరుపుట ఎట్లో చూపుటకై బద్దను బెత్తెడు వెనుకకు లాగి, తట్టలు రెండును ఒకే ఎత్తున నిలిచిన పిదప, మోకాళ్ళు కొంచెము వంచి, ఆ ఊపును తన నడకలో కలుపుకొని సాగిపోయెను. పసివాడు కదలలేదు.

ఇద్దరు బిడ్డల బండికి సంబంధించిన శాస్త్రమంతయు నాకు ఆ కావడిలో కానవచ్చెను. ప్రక్కప్రక్క నాసనములు గల బండిలో ఒక బిడ్డ పదునైదు కిలోలు, మఱియొక బిడ్డ తొమ్మిది కిలోలు తూగినచో, బండి బరువైన బిడ్డవైపునకు లాగుట సహజము. కావడివాడు భుజమును జరుపుకొనును. బండిని త్రోయువానికి ఆ వీలు లేదు. కావున తేలికయైన బిడ్డవైపు అడుగుసంచిలో నీళ్ళసీసాలను, పాలడబ్బాను ఉంచి సరిచూచుకొనవలెను. హ్యాండిలు రెండు ముక్కలుగ గాక, ఈ కొననుండి ఆ కొనవఱకు ఏకముగ నున్న బండియైనచో ఆ లాగుడును ఒక్క చేతితోనైన అదుపుచేయవచ్చును. ముందువెనుకల ఆసనములు గల బండి ద్వారములలో సులభముగ దూరును, ఇరుకుదారులలో ఒదుగును, నిజమే. కాని అది పొడవు. కాలిబాట అంచు ఎక్కించుటకు హ్యాండిలును క్రిందికి నొక్కి ముందుచక్రములను లేపవలసినప్పుడు, ముందున్న బిడ్డ బరువంతయు దూరమున నుండుటచే నొక్కువాని మణికట్టు నొచ్చును. వెనుక కూర్చున్న బిడ్డకు ముందువాని గొడుగే గాని లోకము కనబడదు. పైగా ఎవరు ముందు, ఎవరు వెనుక అను కలహము ఉదయముననే మొదలగును.

ఈ బండ్ల పుట్టుక కథ తెలిసికొన్నప్పుడు అందులో నొక తాతగారు కనబడి నా మనస్సునకు మిక్కిలి దగ్గఱయైనారు. 1733లో విలియం కెంట్ అను ఇంగ్లండు ఉద్యానశిల్పి డెవన్‌షైర్ ప్రభువుగారి బిడ్డలకై ఆలుచిప్ప ఆకారమున నొక చిన్నబండిని చేసెననియు, దానిని మేకయో పొట్టిగుఱ్ఱమో లాగెడిదనియు చెప్పుదురు. అటుపిమ్మట నూఱేండ్లకు పైగా అవి సంపన్నుల తోటలలో తిరుగు శోభావస్తువులు. 1889లో అమెరికాలోని బాల్టిమోరుకు చెందిన విలియం రిచర్డ్‌సన్ అను నల్లజాతి ఆవిష్కర్త, బిడ్డ తల్లివైపు తిరిగి కూర్చుండునట్లు ఆసనమును మార్చు ఉపాయమునకు పేటెంటు పొందెను. కాని బండిని తల్లి చేతికి నిజముగ అందించినవాడు ఓవెన్ మెక్లారెన్. ఆయన విమానముల ఇంజనీరు. గాలిలోకి లేచిన పిదప చక్రములు కడుపులోనికి ముడుచుకొను విద్యలో ఆరితేరినవాడు. విదేశము నుండి మనుమరాలితో వచ్చిన కుమార్తె, బరువైన పాతకాలపు బండితో పడు పాట్లు చూడలేక, అల్యూమినియము గొట్టములతో, గొడుగువలె ముడుచుకొను బండిని కల్పించి, 1965లో పేటెంటునకు దరఖాస్తు చేసెను. దాని బరువు సుమారు 2.7 కిలోలు. ఒక చేత బిడ్డను, ఒక చేత బండిని పట్టుకొని తల్లి బస్సెక్కగలిగినది అప్పటినుండియే. కుమార్తె కష్టమును చూచి ఆ తండ్రి చేసిన పనిని తలచుకొన్నప్పుడెల్ల, ఫోనులో మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను మరింత శ్రద్ధతో సమాధానము వెదకవలెనని తోచెడిది.

మనవారికిని చక్రముతో పరిచయము లేకపోలేదు. మూడుచక్రముల కొయ్యబండిని పట్టుకొని తప్పటడుగులు నేర్చిన తరములు మనవి. ఐనను, బిడ్డను కూర్చుండబెట్టి దూరము త్రోసికొనిపోవు ఆచారము మనకు లేదు. చంకయే మనకు బండి, తల్లి చీరయే మనకు ఆసనము. ఇద్దరున్నచోట ఒకరిని చంకనెత్తి, రెండవవారి చేయి పట్టుకొందుము; రెండవవాడు మొరాయించినచో తండ్రి భుజముల నెక్కించుకొనును. కాని చంక ఎంతసేపు మోయగలదు? ఓర్లాండోలోని డిస్నీవారి ఎప్‌కాట్ పార్కులో పదునొకండు దేశముల మందిరములను చూచుచు మడుగు చుట్టి వచ్చుటయే సుమారు 1.9 కిలోమీటర్లు. అది ఒక పార్కులోని ఒక భాగము మాత్రమే.

ఆ పార్కుల నిబంధనలను మా అల్లుడు చదివి వినిపించెను. 2019 మే 1 నుండి అచ్చట 31 అంగుళముల వెడల్పు, 52 అంగుళముల పొడవు మించిన బండ్లను రానీయరు. అనగా సుమారు 79, 132 సెంటీమీటర్లు. పెట్టెవంటి వ్యాగన్లను తాడుతో లాగినను, ముందుకు త్రోసినను లోనికి అనుమతింపరు. ఆ 31 అంగుళములన్న కొలత నాకు సమంజసముగ తోచెను; ఏలయన అమెరికాలో వికలాంగుల సౌకర్యార్థము సార్వజనిక భవనముల ద్వారములు 32 అంగుళములకు తగ్గరాదని చట్టము కలదు. చక్రములకుర్చీ దూరు త్రోవలో పిల్లలబండియు దూరును. కుంటివారికై తెఱచిన బాట తల్లులకును బాటయైనది. మన ఊళ్ళలో కాలిబాటల అంచులను వాలుగ దిద్దు ఇంజనీర్లు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెనని నా విన్నపము.

నేను చెప్పిన తీర్పు ఇది: ప్రక్కప్రక్క ఆసనములదే కొనుము, కాని 30 అంగుళములకు మించనిది, బరువు 13 కిలోలకు లోబడినది. చిన్నవాడు పగలు రెండుసార్లు నిద్రించును గనుక, పెద్దదాని ఆసనము నిలువుగ నుండగనే వాని ఆసనము వెనుకకు వాలవలెను. రెండింటికిని వేర్వేఱు గొడుగులు కావలెను. ఒకరు ఎండ కోరుదురు, ఒకరు నీడ కోరుదురు. కాళ్ళు పెట్టుకొను పలక మాత్రము రెండింటికి కలిపి ఒక్కటిగ నుండవలెను. రెండు వేఱు పలకలైనచో వాని నడిమి సందులో చిన్నపాదము ఇఱుకుకొను ప్రమాదమున్నదని అమెరికా శిశువైద్యుల సంఘము హెచ్చరించుచున్నది. భుజములకు రెండు, నడుమునకు రెండు, కాళ్ళ నడుమ నొకటి, ఇట్లు ఐదుచోట్ల బిగియు పట్టీ ఉండవలెను. మెడ నిలువని శిశువైనచో, లేక ఆఱునెలలలోపు బిడ్డయైనచో, పూర్తిగ వెల్లకిల పరుండు ఆసనము లేనిది కొననేరాదు.

చక్రముల సంగతి నా వృత్తికి సంబంధించినది గనుక కొంత విస్తరించి చెప్పుదును. చిన్నవై, గట్టి ప్లాస్టికుతో చేసిన చక్రములు నున్నని గచ్చుపై చక్కగ దొరలును. కంకర తగిలినచో బిడ్డ దంతములు అదరును. గాలి నింపిన పెద్దచక్రములు గోతులను మ్రింగివేయును, కాని బరువును పెంచును, పంచరగును. నురుగు నింపిన రబ్బరు చక్రములు ఈ రెండింటికి నడుమ రాజీ. ముందుచక్రము ఇటునటు తిరుగునదై, అవసరమైనప్పుడు తిన్నగ బిగించు కొక్కెము గలదై యుండవలెను. అంగడిలో చక్రమును పైకెత్తి వ్రేలితో త్రిప్పి చెవి యొగ్గి వినవలెను. మంచి బేరింగు నిశ్శబ్దముగ చాలసేపు తిరిగి మెల్లగ నిలుచును. గరగర లాడునది నిండుబరువుతో పది దినములు తిరిగిన పిదప ఏడ్చును. టర్బైను దగ్గఱనైనను, పిల్లలబండి దగ్గఱనైనను చెవి చెప్పునది ఒక్కటే.

బ్రేకు విషయమున మా ఇంటావిడ ఫోను నందుకొని ఒక మాట చెప్పినది, అది నాకు తట్టనిది. "కాలితో పైకి ఎగదన్ని బ్రేకు విప్పే బండి వద్దే అమ్మాయ్. నేను చెప్పులేసుకుంటాను, బొటనవేలి గోరు లేచిపోతుంది. నొక్కితే పడేది, మళ్ళీ నొక్కితే వదిలేది చూడు." అమ్మాయి అటువంటిదే వెదకినది. వెనుకచక్రములు రెండును ఒకే పెడలుతో బిగియునది కావలెనని నేను చేర్చితిని. జనసమ్మర్దములో రెండు పెడళ్ళను వెదకి నొక్కుటకు వ్యవధి యుండదు.

అన్నింటికంటె ముఖ్యమైన పరీక్షను అంగడిలోనే చేయమంటిని: ఒక చేత బిడ్డనెత్తుకొని, రెండవచేతితో బండిని మడువగలవా? మడిచిన బండిని మోకాలి ఎత్తువఱకు లేపి కారు డిక్కీలో పెట్టగలవా? పార్కువద్ద కార్లు నిలుపుచోటి ట్రాముబండ్లలో స్ట్రోలరును మడిచియే ఎక్కవలెను. ఉదయమున అది ఆటవలె నుండును. రాత్రి నిద్రించు బిడ్డను భుజమున వేసికొని మడుచుటయే అసలు పని. బండిని ఉదయపు ఉత్సాహముతో గాక, రాత్రి అలసటను తలచి ఎన్నుకొనవలెనని నేను గట్టిగ నమ్మెదను. అద్దెబండ్లను నేను ఒప్పకపోవుటకును కారణమిదే. పార్కు ద్వారమున దొరకు అద్దెబండి దృఢమైనదే గాని, దాని ఆసనము గట్టి ప్లాస్టికు, వెనుకకు వాలదు; పైగా దానిని ద్వారముననే విడువవలెను. బిడ్డలు ఇద్దరును ఒడలెఱుగక నిద్రించుచుండగా ద్వారమునుండి కారువఱకు గల దూరమే ఆ దినమంతటిలో అతిదీర్ఘమైన దూరము.

జూన్ మాసమున వెళ్ళితిమి. 1971 అక్టోబరు 1న తెఱచిన ఆ మహాక్రీడావనమున మూడేండ్లు నిండని బిడ్డకు టికెట్టు లేదు. చిన్నవాడు ఉచితముగనే ప్రవేశించెను. కారు దిగి, మడుగు మీద పెద్దపడవ నెక్కి, బండిని మడువకయే ఆవలితీరము చేరి, కోట ముందర నిలువబడినప్పుడు, పెద్దమనుమరాలు బండి దిగి, "తాతయ్యా, నేను నడుస్తాను" అని పరుగెత్తినది. మధ్యాహ్నమువఱకు ఆమె ఆసనమున సంచులు కూర్చుండినవి. బండి వలదనుకొన్న తల్లిదండ్రులు సాధారణముగ పొరబడునది ఇచ్చటనే: మూడున్నరేండ్ల బిడ్డ ఇంటివద్ద నడచును, పార్కువద్ద ఉదయము నడచును, మధ్యాహ్నము రెండుగంటలకు నేలపై కూర్చుండిపోవును. సంచులను హ్యాండిలుకు తగిలింపవలదని ఆనాడు పదిసార్లు చెప్పియుందును. బిడ్డ దిగగనే బరువు వెనుకకు మళ్ళి బండి వెల్లకిల పడును; అట్లు పడిన బండి నొకదానిని కన్నులార చూచితిని. అదృష్టవశమున అది ఖాళీబండి.

ఆటవాహనముల వద్ద బండిని లోనికి రానీయరు. నిర్ణీతస్థలమున నిలిపి పోవలెను. మేము తిరిగివచ్చునప్పటికి మా బండి నిలిపినచోట లేదు. స్థలము చాలుటకై పార్కు సిబ్బంది బండ్లను వరుసలుగ సర్ది జరుపుచుందురు. వందలకొలది బండ్లు, అన్నియు నలుపో బూడిదవర్ణమో, అన్నిటికి అవే గొడుగులు. పావుగంట వెదకితిమి. దొరకిన పిదప మా ఇంటావిడ, ఇంటినుండి పసుపుకుంకుమలు మూటగట్టి తెచ్చుకొన్న పసుపుగుడ్డ నుండి ఒక పేలిక చించి హ్యాండిలుకు ముడివైచినది. తరువాత నెన్నడును వెదుకవలసిన పని లేకపోయెను. ఎంత గుంపులోనైనను, వాకిట కట్టిన పసుపుతోరణమువలె అది దూరమునుండియే పిలిచెడిది.

ఓర్లాండో ఎండ మన కోనసీమ ఎండవంటిది, చెమ్మతో కూడినది. ప్రతిదినము మధ్యాహ్నము దాటగనే మబ్బు క్రమ్మి ఉరుములతో కుండపోత. చిన్నవాడు నిద్రించుచుండగా వెలుగు పడకుండ మా అల్లుడు పల్చని దుప్పటిని గొడుగు మీదుగా కప్పబోయెను. నేను వలదంటిని. గాలి ఆడు త్రోవను మూసినచో ఆ నీడయే ఉడుకుపెట్టె యగును. పలుచనిగుడ్డ క్రింద సైతము లోపలివేడి త్వరత్వరగ పెరుగును, నిద్రించు బిడ్డ చెప్పుకొనలేడు. గొడుగు వెనుక జాలికిటికీ యున్న బండి నెన్నుకొనుట ఇందులకే. వానముసుగును గూడ వాన వెలిసిన వెంటనే తీసివేయవలెను. తల్లిదండ్రులలో ఒకరు బిడ్డతో నిలువగా ఒకరు ఆటవాహనమెక్కి, మరల వరుసలో నిలువకయే రెండవవారు ఎక్కు ఏర్పాటు కూడ అచ్చట నున్నది. ఆ సమయమున బండిపొడవు నీడలో కూర్చుండి మనుమనికి పెరుగన్నము తినిపించిన అరగంటయే ఆ యాత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము.

మన దేశమున ఇట్టి యాత్రకు పోవువారికి కొలతలు మాఱును. హైదరాబాదు శివారున 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరములదని గిన్నిస్ గ్రంథమున కెక్కినది; అచ్చట సందర్శకులను బస్సులే త్రిప్పును గనుక, దిగునప్పుడెల్ల మడువవలసిన పెద్దబండికంటె రెండు తేలికబండ్లే మేలు; ఇద్దరు పెద్దవారు చెరియొకటి త్రోయవచ్చును. 2016లో తెఱచిన హైదరాబాదు వండర్‌లాలో పిల్లలకు వయస్సును గాక ఎత్తును చూచి టికెట్టు నిర్ణయింతురు. అరకులోని పద్మాపురం తోటలో చిన్నరైలు పిల్లలను త్రిప్పును; బొఱ్ఱా గుహలలో మెట్లు, చెమ్మ, చీకటి. అచ్చటికి బండి కొనిపోవువారు దానిని తామే మోయవలసి వచ్చును. బిడ్డను వీపున కట్టుకొను గుడ్డ వారికి వేయిరెట్లు నయము.

ఈ సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు పిల్లలతో డొంకరాయి వచ్చిరి. విశాఖపట్నమున విమానము దిగి, నర్సీపట్నము, చింతపల్లి, సీలేరు మీదుగా, మలుపు మలుపునకు పిల్లలకు వాంతులగుచుండగా వచ్చి చేరిరి. బండిని గూడ తెచ్చిరి. విమానపు సామానులలో దాని వెనుక ఇరుసు కొంచెము వంగినది. మందమైన సంచిలో పెట్టి అప్పగించియుండిన ఆ దెబ్బ తగిలెడిది కాదు; యాత్రికులు ఆ సంచిని బండితోపాటే కొనవలెను. నేను ఇరుసును వెచ్చబెట్టి, కొయ్యసుత్తితో సరిచేసి, చక్రముల సందులలోని ఇసుకను కిరోసిను గుడ్డతో తుడిచి, నూనె వేసితిని. ఇంటిముందరి రాళ్ళబాటలో అది పది అడుగులు సాగలేదు. ముందుచక్రము రాళ్ళ నడుమ దిగబడగా, అమ్మాయి ఒక్కమాటైన అనక, చిన్నవానిని తీసి, తల్లి పాతచీరతో నడుమునకు కట్టుకొని దిగిపోయినది. నేనును అల్లుడును ఖాళీబండిని చెరియొకప్రక్క పట్టి కాలువగట్టు మీదికి చేర్చితిమి. గట్టుమీద చక్రములు మరల ప్రాణము పోసికొన్నవి.

అది సంతనాడు. కందులు అమ్ముకొని తిరిగి వచ్చుచున్న ఆ కొండరెడ్డి దంపతులు మాకు గట్టుమీద ఎదురైరి. కావడి అదియే; తట్టలలో బిడ్డలు వారే, ఒక సంవత్సరము పెరిగిరి. చిన్నవాని కాళ్ళవద్ద ఉప్పుమూట ఉన్నది. అతని భార్య మా బండిని చుట్టి చూచి, వెలిసిన పసుపుపేలికను తాకి, "ఏ తల్లికండీ ఈ ముడుపు?" అని మా ఇంటావిడను భక్తితో అడిగినది.

"ముడుపు కాదమ్మా. వందల బళ్ళలో మా పిల్లలు కూర్చునేది ఇదని గురుతు" అని మా ఇంటావిడ చెప్పగా, ఆమె ఆ ముడిని కొంచెము బిగించి విడిచెను.

మా మనుమరాలి చూపంతయు కావడిమీదనే ఉన్నది. కావడివాడు ఆ చూపును కనిపెట్టి, మా అమ్మాయివైపు చూచి, ఆమె తల యూపగనే, తన చిన్నవానిని తీసి మా చేతికిచ్చి, మనుమరాలిని ఆ తట్టలో కూర్చుండబెట్టెను. ఉప్పుమూట ఈసారి ముందరితట్టలో కూతురి కాళ్ళవద్దకు మాఱెను. బద్దను భుజమున కెత్తి, బెత్తెడు ముందుకు జరిపి, మరల అరబెత్తెడు వెనుకకు జరిపి, తట్టలు రెండును ఒకే ఎత్తున నిలువగా అడుగువైచెను. అతని చిన్నవానిని మేము మా మనుమని ప్రక్క ఖాళీ ఆసనమున కూర్చుండబెట్టి ఐదు పట్టీలును బిగించితిమి. ఇద్దరు పసివారును ఒకరి నొకరు కొంతసేపు పరకాయించి చూచి, పిమ్మట ఇద్దరును నీటివైపు చూచిరి. కాలువ మలుపువఱకు అట్లే నడచితిమి. కావడివాని బిడ్డ బరువైనవాడు; బండి పొడుగునను ఎడమవైపునకు, కాలువవైపునకు లాగుచుండగా, నేను హ్యాండిలును రెండుచేతులతో కుడికి పట్టుకొని త్రోసితిని.